ఉరుము పక్కన గిటారు

ఆయన పోయాడని నాకు బెళుగుప్ప పోయే బస్సులో తెలిసింది. నా ముందు సీటులో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“గిటారాయప్ప పోయినాడంట, తెలుసునా?”

“యాయప్ప?”

“రాయదుర్గంలో జీన్సు కుట్టే కాడ ఉండె చూడు, పొడుగాయప్ప. మిషను ముందర కూర్చున్నోడు కూర్చున్నట్టే వాలిపోయినాడంట.”

“ఓ, ఆయప్పనా. మన ఊర్లో ఉరుము కొట్టించుకోని, మళ్లా మనోళ్లను తీసేసి క్యాసెట్టు అమ్ముకున్నాడే.”

“ఆ, ఆయప్పే. పాపం, మనిషి బాగానే మాట్లాడుతుండె.”

తర్వాత వాళ్లు బోర్ల సంగతిలో పడ్డారు. ఎవరి బోరు ఎండింది, ఎవరు ఇంకా లోతుకు వేయించారు, ఆ మాటలు. ఆ ఊళ్లో ఆయన పేరుకు అతుక్కుని మిగిలింది ఆ ఒక్క ముక్కే అని నాకు అర్థమైంది. అది అబద్ధం. తీసేసింది ఆయన కాదు, నేను. ముందుకు వంగి వాళ్ల భుజం తట్టి చెప్పడానికి కావలసినంత దారి ఉంది. చెప్పకుండానే దిగిపోయాను. నేను ఆయనకు చేసిన అన్యాయంలో సగం చేతులతో చేసింది. మిగిలిన సగం ఇలా నోరు మూసుకుని కూర్చోవడమే.

తొంభైల చివర్లో రాయదుర్గం బస్టాండు ఎదురుగా నాకు క్యాసెట్ల అంగడి ఉండేది. ఎవరికి ఏ పాటలు కావాలంటే అవి ఖాళీ టేపు మీద ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఆయన మొదటిసారి వచ్చినరోజు బెంగుళూరు నుంచి తెచ్చిన హెవీ మెటల్, అంటే గిటార్లు గర్జించే ఇంగ్లీషు పాటల టేపు ఒకటి పెట్టి చూస్తున్నాను. పలకరింపు లేదు, ఏం కావాలో చెప్పడం లేదు. తిన్నగా లోపలికి వచ్చి, స్పీకరు పెట్టె ముందు వంగి, దాని చెక్క అంచుకు పై పళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. అంగట్లో ఉన్న ఒక బడి అయ్యవారు నా దగ్గరికి జరిగి, “ఈయప్పకు మూర్ఛ గానీ ఉండాదా?” అని గుసగుసగా అడిగాడు.

ఆ గుసగుస ఆయనకు వినపడింది. నిటారుగా నిలబడి, పెదాలు తుడుచుకుని అన్నాడు: “చెవుల్తో వింటే పాట తెలుస్తాది సార్. పండ్లతో వింటే పాట కింద ఉండేది తెలుస్తాది. మీరూ రొంత కరిచి చూడండి.”

అయ్యవారు కరవలేదు. ఆ తర్వాత గిటారాయన వారానికి ఎన్నిసార్లు వచ్చేవాడో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా ముందు పెట్టె కరవడం, తర్వాతే మాట. ఆ అంచు మీద రంగు లేచిపోయి గాట్లు పడ్డాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఎలుకలు కొరికాయనుకునేవాళ్లు.

జీన్సు కుట్టే యూనిట్లో గుండీల కాజాలు కుట్టే మిషను ఆయనది. రంగు తేడా వచ్చి పక్కన పడేసిన ముక్కలతో తన ప్యాంట్లు తానే కుట్టుకునేవాడు. ఒక కాలు ముదురు నీలం, ఒక కాలు బూడిద. ఎవరైనా నవ్వితే, “రెండు కాళ్లూ ఒకే పక్కకు నడుస్తాండాయా లేదా, అది చూడు” అని నడిచి చూపించేవాడు. తనను తాను అనుమానించుకోవడం ఆయనకు చేతకాదు. దారి తెలియని ఊళ్లో కూడా ముందు నడిచేది ఆయనే. తప్పుదారి అని తేలితే, “ఈ పక్క కూడా చూసినట్టయింది” అని అదే నడకతో వెనక్కి తిరిగేవాడు.

గిటారు బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసింది. దానికి స్పీకరు పెట్టె లేదు. పెళ్లిళ్లకు మైకుసెట్టు బాడుగకు ఇచ్చే స్నేహితుడి ఆంప్లిఫయరుకు తగిలించి, సౌండు మర చివరిదాకా తిప్పేసి, గొట్టం మైకులో వాయించేవాడు. ఆ గొట్టం నుంచి వచ్చే మోత విరిగి, చీలి, గరగరమంటూ వచ్చేది. విదేశాల్లో ఆ గరగర కోసం ప్రత్యేకంగా యంత్రాలు కొంటారని పత్రికలో చదివి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు.

“దానికి గూడా మిషనా? మన ఊర్ల గొట్టం మైకులో సుప్రభాతం పెట్టినా హెవీ మెటలే గదన్నా.”

వాళ్లు దూదేకులవాళ్లు. ఆయన తండ్రి ఊరూరూ తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడట. దూది ఏకే విల్లు పెద్దది. దాని తంతిని కొయ్య గుండుతో కొడితే తంతి మోగుతూ దూదిని ఎగరగొడుతుంది. “మా నాయన ఇంట్లో విల్లు తగిలించి కొడతాంటే ఆ మోతకే నిద్రపోయేవాణ్ణి. ఆయనకు తంతి ఒకటే. నాకు ఆరుండాయి. అంతే తేడా” అనేవాడు. హెవీ మెటల్ తనకు కొత్తగా అనిపించలేదని, మధ్యలో ఆగిపోయిన దాన్ని ఎవరో మళ్లీ మొదలుపెట్టినట్టు ఉందని అన్నాడు. పాట బాగుందా లేదా అని చెప్పడానికి ఆయనకు ఒకటే కొలత: “గలాటా ఉండాల, గందరగోళం ఉండగూడదు.”

మా ఇద్దరికీ తగాదా అరల దగ్గర వచ్చేది. అంగట్లో ప్రతి అరకూ నేను పేరు రాసి అంటించాను. భక్తి, సినిమా, జానపదం, హిందీ, ఇంగ్లీషు. ఇంగ్లీషులో మళ్లీ వాటాలు. బెంగుళూరు ఫుట్‌పాత్ మీద పాత సంగీత పత్రికలు కొని, హెవీ మెటల్‌లో ఎన్ని శాఖలున్నాయో కూర్చుని నేర్చుకున్నాను. వేగంగా దంచేది థ్రాష్, ఈడ్చుకుంటూ నడిచేది డూమ్, గొంతు బొంగురు చేసి అరిచేది డెత్. మా ఊళ్లో ఈ తేడాలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని గర్వం. నిజం చెప్పాలంటే పాట మీద ప్రేమ కంటే ఆ గర్వమే ఒక పాలు ఎక్కువ.

ఆయన నా కళ్లముందే జానపదం అరలోంచి ఉరుము వాద్యం క్యాసెట్టు తీసి, హెవీ మెటల్ అరలో పెట్టేవాడు.

“అది జానపదమప్పా, ఆడ పెట్టు.”

“జానపదమంటే?”

“జనాలు పాడేది.”

“మరి ఈ ఇంగ్లీషోళ్లు జనాలు కాదా, గొడ్లా?”

నేను క్యాసెట్టు తీసి మళ్లీ పాత అరలో పెట్టేవాణ్ణి. నేను వేరే గిరాకీ చూసుకునే లోపల అది మళ్లీ ఇటు చేరేది. ఒకరోజు పంతం పట్టి శాఖలన్నీ వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

“డూమ్ అంటే బరువుగా, మెల్లగా పోతాది” అన్నాను.

“ఆరుద్ర కార్తె పోయినా వాన పడకుంటే మా ఊరుండాది చూడు, అట్ల.”

“థ్రాష్ అంటే బిరబిరా.”

“శెనక్కాయల మిషను. తెలిసింది. ఇంకా ఎన్నుండాయి?”

“శానా ఉండాయి.”

“నువ్వు పేరు పెట్టే లోపల పాట అయిపోతాదన్నా.”

ఉరుము గురించి తెలియనివారికి ఒక మాట. మా వైపు జాతరల్లో వరస కట్టి కొట్టే వాద్యం అది. ఒక ముఖం మీద కర్రతో కొడతారు. రెండో ముఖం మీద వంపు పుల్లతో చర్మాన్ని రుద్దుతారు. ఆ రుద్దుడుకు మబ్బు కడుపులోంచి వచ్చినట్టు గుర్రుమని ఒక మోత లేస్తుంది. గిటారులో తాను వెతుకుతున్నది ఆ గుర్రేనని ఆయన నమ్మకం. “ఈ తెల్లోళ్లు ఉరుము యాడ విన్నారో కనుక్కోవాలన్నా” అని నన్ను సీరియస్‌గా అడిగాడు.

బెళుగుప్ప దగ్గర వాళ్లమ్మ పుట్టిన ఊళ్లో ఉరుము కొట్టే పెద్దాయన ఒకడున్నాడు. వరసకు మామ అని పిలిచేవాడు. ఆ మామ ఉరుము, తన గిటారు కలిపి ఒక టేపు చేయాలని పట్టుపట్టాడు. నా రికార్డింగు డెక్కు తీసుకుని నేనూ వెళ్లాను. పెద్దాయన ఇంటి ముందు రాతిబండ మీద కూర్చుని, మేం చెప్పిందంతా విని బీడీ ఆర్పేశాడు.

“పక్కన వాయిస్తా అంటాండావు. పక్కన అంటే యాడ?” అని అడిగాడు.

“పక్కనే మామా. మోకాలికి మోకాలు తగిలేటట్టు.”

“దేవళం లోపల మేళగాండ్లు, బయట మేము. మా నాయన కాలం నుంచి అట్లనే కొట్టినాము అల్లుడా. లోపలోళ్లకు మా మోత కావాల, మేము అక్కర్లేదు. ఇదీ అట్లనే అయ్యేదుంటే ఇప్పుడే చెప్పు, లేసిపోతా. వాయిస్తే పక్కపక్కన. వినేటోళ్లు గూడా ఇద్దర్నీ కలిపే వినాల. ఒకర్ని లోపల పెట్టి ఒకర్ని బయట పెట్టే పని వద్దు.”

గిటారాయన పెద్దాయన అరచేతిలో చెయ్యి వేశాడు. “అట్ల జరగదు మామా. జరిగితే నన్నడుగు.”

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట ఇద్దరి మధ్యా నడుస్తున్నప్పుడు డెక్కుకు వైర్లు తగిలిస్తున్నాను. ప్రతి ముక్కా విన్నాను.

కళ్లంలో వాయించారు. పెద్దాయనతో పాటు ఆయన మనుషులు కొందరు ఉరుములు పట్టుకున్నారు. మొదట్లో కుదరలేదు. గిటారు పరుగెత్తితే ఉరుము నిలబడేది, ఉరుము ఊపందుకుంటే గిటారు తడుముకునేది. పెద్దాయన ఆపి, “అల్లుడా, నువ్వు నన్ను తరుముతాండావు. నేనేమన్నా గొర్రెనా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఏదో సర్దుకుంది. గిటారాయన చేతుల వేగం తగ్గించి, ఆ పెద్ద గుర్రు కింద గిటారును దుప్పటిలా పరిచాడు. ఉరుము ఎక్కడ ఆగి గిటారు ఎక్కడ మొదలవుతోందో చెప్పడం కష్టమైంది. చూడవచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. లేచినట్టు ఆయనకు చెప్పలేదు. “బాగానే వచ్చింది” అన్నాను.

ఆ టేపు నా అంగడికి వచ్చింది. కాపీలు తీసి అమ్మే పని నాది. ఆయన యూనిట్ పని మీద కొన్నాళ్లు బళ్లారి వెళ్లాడు. నేను ఆ టేపు పట్టుకుని అరల ముందు నిలబడ్డాను. దీన్ని ఎందులో పెట్టాలి? జానపదం కొనేవాళ్లకు వినిపిస్తే, “మధ్యలో ఆ గీకుడేంది?” అన్నారు. ఇంగ్లీషు పాటలకు వచ్చే కాలేజీ కుర్రవాళ్లకు వినిపిస్తే, “జాతర సౌండు అన్నా ఇది” అని తల అడ్డంగా ఊపారు. ఎవరి మాటా కాదనే ధైర్యం నాకు లేదు. పైగా అంత శ్రమపడి నేర్చుకున్న పేర్లలో ఒక్కటీ దానికి అతకలేదు. అది నాకు చిన్నతనంగా తోచింది.

రికార్డు చేసేటప్పుడు రెండు మైకులు పెట్టాం. ఒకటి గిటారు ముందు, ఒకటి ఉరుముల ముందు. డెక్కు మీద బ్యాలెన్సు మర ఎడమకు తిప్పితే దాదాపు గిటారు ఒక్కటే వినపడుతుంది. కుడికి తిప్పితే ఉరుము ఒక్కటే, అడుగున ఎక్కడో గోడకవతల నుంచి వచ్చినట్టు గిటారు సన్నగా. ఆ మర అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నాకు తెలివైన ఉపాయం తట్టింది. ఒక టేపును రెండు చేశాను. ఉరుము ఉన్నది జానపదంలో పెట్టాను. గిటారు ఉన్నదానికి మంచి ఇంగ్లీషు పేరు రాసి హెవీ మెటల్‌లో పెట్టాను. రెండూ అమ్ముడుపోయాయి. టీ హోటళ్లవాళ్లు ఉరుము కొన్నారు, కాలేజీ కుర్రవాళ్లు గిటారు కొన్నారు. ఆయన తిరిగొచ్చి నన్ను మెచ్చుకుంటాడనే అనుకున్నాను. ఈలోపల ఒక పెళ్లివాళ్లు తొందరపెడితే, ఖాళీ టేపు లేక, ఆ మొదటి టేపు మీదే సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేశాను. పని అయిన టేపు మీద మళ్లీ ఎక్కించడం మా అంగళ్లలో మామూలే. డబ్బు గల్లాలో వేసుకున్నాను.

ఆయన వచ్చాడు. పెట్టెకు పళ్లు ఆనించి ఉరుము క్యాసెట్టు విన్నాడు. కాసేపటికే పళ్లు తీసేశాడు.

“నేనేడుండా?”

రెండో క్యాసెట్టు చూపించాను. అదీ విన్నాడు.

“మామ యాడుండాడు?”

నేను అరలు, గిరాకీలు, అభిరుచులు అంటూ మొదలుపెట్టాను. ఆయన వినలేదు. ఎదురు హోటలుకు వెళ్లి వాళ్ల టేపురికార్డరు ఎత్తుకొచ్చాడు. అంగడి మెట్ల మీద దాన్నీ నాదాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉరుము, ఒకదాంట్లో గిటారు వేసి, రెండు మీటలూ ఒకేసారి నొక్కాడు. కొంతసేపు రెండూ కలిసి నడిచాయి. అంతలో హోటలు మిషను కొంచెం వెనకబడింది. ఉరుము ముందుకు పోయింది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ నొక్కాడు. బస్టాండు జనం మూగారు. “కుడిదాన్ని రొంత ముందు నొక్కప్పా” అని ఒకరు, “బ్యాటరీలు మార్చు” అని ఒకరు. ఆయన అందరి సలహాలూ పాటించాడు. ఎండ మెట్ల మీదినుంచి రోడ్డు మీదికి జరిగేదాకా నొక్కుతూనే ఉన్నాడు. ఏ సారీ పాట చివరిదాకా రెండూ కలిసి రాలేదు.

చివరికి లేచి, “మొదటి టేపు ఇయ్యి, మళ్లా కాపీలు తీద్దాం” అన్నాడు.

“లేదప్పా. దాని మీద పెండ్లోళ్లకు ఎక్కించినా.”

ఆయన రెండు క్యాసెట్లూ బయటికి తీశాడు. హోటలువాడి మిషను వాడికిచ్చి, తిరిగొచ్చి, “పెద్దాయనకు నేను పోయి చెప్తా” అన్నాడు.

“నేనూ వస్తా” అన్నాను, అంగడి ఎవరు చూస్తారని లోపల అనుకుంటూ. “చేసింది నేను గదా, నా పేరే చెప్పు.”

“మాట ఇచ్చింది నేను. నీ పేరు చెప్తే తప్పించుకోను వచ్చినాడు అంటారు. నువ్వు ఊరికే ఉండన్నా.”

నేను ఊరికే ఉన్నాను. హాయిగా అనిపించిందని కూడా రాయాలి. ఆయన బస్సెక్కి కనుమరుగయ్యాక నేను టీ తెప్పించుకుని తాగాను.

మర్నాడు వచ్చి చెప్పాడు. ఊరివాళ్లు అప్పటికే ఉరుము లేని ఆ గిటారు క్యాసెట్టు విన్నారట. ఆయన నడివీధిలో నిలబడి, నేనే విడగొట్టినా, తప్పయింది, అన్నాడట. కుర్రవాళ్లు మీదికొచ్చారట. మా మోత వాడుకోని మమ్మల్ని తీసేసినావు, అన్నారట. “తిట్టినారన్నా. బాగానే తిట్టినారు, తాళం తప్పకుండా.” పెద్దాయన మాత్రం లేచి ఇంట్లోకి పోయాడట.

ఆ ఏడాది జాతరకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. గిటారు, ఆంప్లిఫయరు, గొట్టం మైకు సైకిలు మీద కట్టుకుని పోయాడు. నేను కొంత దూరంలో, జనంలో కలిసి చూస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. ఉరుములవాళ్లు వరసగా కూర్చుని వాయిస్తున్నారు. ఆయన పోయి వరస చివర కూర్చున్నాడు. పక్కనున్న కుర్రవాడు కొంచెం జరిగాడు, చోటు ఇవ్వడానికి కాదు, తగలకుండా ఉండటానికి. ఆయన దేవళం కరెంటుకు వైరు తగిలించుకుని వాయించడం మొదలుపెట్టాడు. గొట్టం మైకు గర్జించింది. కొందరు తలలు తిప్పారు. అంతలో కరెంటు పోయింది.

ఉరుములకు కరెంటుతో పనిలేదు. అవి నడుస్తూనే ఉన్నాయి. ఎవరో ఈల వేసి, “అయిపాయ, ఇంటికి పోప్పా” అని అరిచారు. ఆయన లేవలేదు. ఆపలేదు కూడా. కరెంటు లేని గిటారు తంతుల చప్పుడు ఆ మోతలో పక్కవాడికి కూడా వినపడదు. అయినా ఒక్క దెబ్బ కూడా వదలకుండా వాయించాడు. ఉరుము ఆగిన చోట ఆగాడు, లేచిన చోట లేచాడు. తల ఊపు, భుజం విసురు, ఎక్కడా తగ్గించలేదు. వేలమంది ముందు వాయిస్తున్నవాడిలా ఉన్నాడు. ఎండలో చెమట మోచేతుల మీదినుంచి కారుతోంది. జనంలో నవ్వులు కాసేపు సాగి, తర్వాత తగ్గిపోయాయి.

పెద్దాయన వరస మధ్యలో ఉన్నాడు. కొడుతూనే లేచి, కొడుతూనే నడిచి, ఈ చివరికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మోకాలికి మోకాలు తగిలింది.

సాయంత్రం తిరిగొస్తుంటే, “ఏమన్నాడు పెద్దాయన?” అని అడిగాను.

“రెండోసారి ఎత్తుకున్నప్పుడు రొంత వెనకబడినావు అన్నాడు.”

“వినపడిందా?”

“చూసినాడంట.”

ఆ తర్వాత ప్రతి జాతరకూ ఆయన ఆ వరసలో ఉన్నాడు. పెద్దాయన పక్కనే చోటు. కానీ ఊరి నోట్లో పడిన మాట అలాగే ఉంది. జాతరలో పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్లు కూడా ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే, మనోళ్లను తీసేసి అమ్ముకున్నాడే, ఆయప్ప, అనే చెప్పేవాళ్లు. ఆయనకు అది తెలుసు. నాకూ తెలుసు. నిజం చెప్పమని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయాయి. నా అంగడి సెల్‌ఫోన్ల అంగడి అయింది. ఒకరోజు ఇంజనీరింగు చదివే కుర్రవాడు ఇంటర్నెట్టులో చూపించాడు, ఏవో చలిదేశాల్లో వాళ్ల పల్లె వాయిద్యాలు, హెవీ మెటల్ కలిపి వాయిస్తున్నారు. దానికి ఫోక్ మెటల్ అని పేరు కూడా ఉంది. నేను పరుగున యూనిట్‌కు వెళ్లాను.

“నీ పాటకు పేరు దొరికిందప్పా” అన్నాను.

ఆయన మిషను ఆపకుండానే, “దొరికిందా? ఎవరు పోగొట్టుకోనుండిరి?” అన్నాడు.

బస్సులో ఆ మాటలు విన్నాక రెండు రోజులు ఇంట్లోనే తిరుగుతూ ఉన్నాను. మూడోనాడు మళ్లీ అదే బస్సెక్కి పెద్దాయన ఊళ్లో దిగాను. పెద్దాయన చాలా ముసలివాడయ్యాడు. అదే రాతిబండ మీద కూర్చుని ఉరుముకు తాళ్లు బిగిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు.

నిలబడే చెప్పాను. టేపును రెండు చేసింది నేను. ఆయనకు తెలియకుండా చేశాను. ఆయన నా పేరు దాచి తన మీద వేసుకున్నాడు.

పెద్దాయన తాడు లాగి ముడి వేసేదాకా తల ఎత్తలేదు.

“తెలుసు” అన్నాడు.

“ఎప్పటినుంచి?”

“వాడు వచ్చి చెప్పినప్పుడే అనుమానం. వాని చేతులకు విడగొట్టేది రాదు. మళ్లా జాతరలో కరెంటు పోయినా లేయకుండా కూర్చున్నాడు చూడు, అప్పుడు ఖాయం చేసుకున్నా.”

“మరి నన్నెప్పుడూ అడగలేదే?”

“నువ్వు నాకు మాట ఇచ్చినావా, అడిగేదానికి?”

క్షమించమని అడగడానికి వచ్చాను కాబట్టి ఆ మాట అందామని నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకు చెప్పి ఏం లాభమప్పా? నాకు తెలిసిందే గదా. తెలియంది వాళ్లకు.”

గడ్డంతో వీధి చివర చూపించాడు. నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగి ఉంది. ఊళ్లో సగం మంది బిందెలతో, డ్రమ్ములతో దాని చుట్టూ చేరారు. నీళ్ల కోసం తోపులాట, కేకలు. పెద్దాయన ఉరుము పక్కనపెట్టి, నా మోచెయ్యి పట్టుకుని లేచాడు. బరువంతా నామీద వేసి, మెల్లగా, ఒక్కొక్క అడుగే వేస్తూ అక్కడికి నడిపించాడు. వెనక్కి తిరగాలంటే ఆయన్ను వదిలేయాలి. వదిలితే పడిపోతాడు.

“నీళ్లు రొంతసేపు కట్టేయండి” అన్నాడు ట్యాంకరు దగ్గరున్నవాడితో. “ఈయప్ప గిటారోని సంగతి ఒకటి చెప్పను వచ్చినాడు.”

“నీళ్లు పట్టుకోని వింటాం తాతా” అని ఒకామె అంది.

“ఇప్పుడే వినాల.”

నీళ్లు ఆగాయి. బిందెలు నేల మీద పెట్టారు. బస్సులో నా ముందు కూర్చున్న మనిషి అక్కడ ఉన్నాడో లేడో నాకు తెలియదు, ఏ మొహమూ నేను సరిగా చూడలేదు. క్యాసెట్టులోంచి ఉరుము తీసింది ఆయన కాదని, నేనని, ఆయన ఇచ్చిన మాట ఆయన తప్పలేదని చెప్పాను.

ట్యాంకరు అవతలి పక్కనుంచి ఒక గొంతు వచ్చింది: “మాకేం వినపడలేదు ఈడికి. ఏమంటాండాడు ఆయప్ప?”

పెద్దాయన నా మోచెయ్యి వదల్లేదు. ఇద్దరం ట్యాంకరు చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్లాం. మొదటినుంచి మళ్లీ చెప్పాను, ఇంకాస్త గట్టిగా.